బంతిపూల బరువు

ఆ రోజుల్లో జేబులో కారు లైసెన్సు ఉంటే చాలు, చక్రాలున్న ప్రతిదీ నా మాట వింటుందని నమ్మిన మూర్ఖుణ్ణి నేను. నమ్మించింది మా అక్క మొగుడు. ఊరి బయట బంతిపూలు పండించే ఆ బావ, కిషన్‌బాగ్‌లో మా గల్లీలోనే ఉండేవాడు. దసరా ముందు రోజు పొద్దున్నే పూలు నింపిన ట్రాలీని ట్రాక్టర్‌కు తగిలించి, "నడుం పట్టేసింది బామ్మర్దీ. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ గిక్కడనే. వేలంపాట షురూ గాకముందే దింపి రా" అన్నాడు. నాది కారు లైసెన్సే కదా అంటే, "ట్రాక్టర్ గూడ కారు లెక్కనే. స్టీరింగ్ లేదా, బ్రేకు లేదా? ఫికర్ చెయ్యకు" అని అభయమిచ్చాడు. (తలుపుల్లేవు, కిటికీల్లేవు, వెనక ఇంకో బండి వేలాడుతోంది. మిగతాదంతా కారే.)

రెండో మలుపులోనే ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపాడు. నా కార్డు అటూ ఇటూ తిప్పి, "ఉత్త ట్రాక్టర్‌కైతే ఇది నడుస్తది. ఇంత పెద్ద ట్రాలీ కలిస్తే నడ్వది" అన్నాడు.

"బంతిపూలు సార్! వాటి బరువెంత?"

"ఏం మోస్తుందో చూడం తమ్మీ, ఎంత మోయగలదో చూస్తం."

ఇదెక్కడి న్యాయమండీ! ఆ లెక్కన నేను ఎంత పని చేయగలనో చూసి మా ఆఫీసువాళ్లు జీతమిచ్చి ఉంటే ఈపాటికి మేడ కట్టేవాణ్ణి. కడుపు మండి, "ట్రాలీని నేను నడపట్లేదు సార్, అదే నా వెంట పడి వస్తోంది" అన్నాను.

"గట్లనా? అయితే దాన్నే అడుగుత లైసెన్సు. ముందుగాల వెనక్కి కొట్టి పక్కకు పెట్టు."

వెనక్కి వెళ్లేటప్పుడు ట్రాలీ మనం తిప్పిన వైపుకు కాక రెండో వైపుకు పోతుందని నాకెవరు చెప్పారు గనక! నాలుగు తిప్పుళ్లకే ట్రాక్టరూ ట్రాలీ అలిగిన మొగుడూ పెళ్లాల్లా చెరో వైపు మొహం తిప్పుకుని రోడ్డంతా మూసేశాయి. "అరే భాయ్, ఉల్టా ఘుమావ్!" అని ఎదురు తిప్పమనేది ఒకాయన, "సీధా కర్!" అని తిన్నగా పెట్టమనేది ఇంకొకాయన. అక్కడ వేలంపాట సాగిపోతోంది, ఇక్కడ పూలు వాడిపోతున్నాయి. ఫోన్ చేస్తే బావ ఆటోలో వచ్చి దిగాడు, జేబులో పెద్ద బండ్ల లైసెన్సుతో. దిగీ దిగగానే నలుగురి ముందూ, "నీకు లైసెన్సు చాలదని జెప్పొద్దారా? నేను పొమ్మన్ననా?" అన్నాడు! ఆ నడుం నొప్పి ఏమైందో గానీ, ఒక్క ఊపులో ట్రాలీని సరిచేశాడు. అప్పటికే బేరాలు ముగిశాయి. ఆ దసరాకు మా గల్లీలో వీధి కుళాయికి కూడా బంతిపూల దండ పడింది. "బామ్మర్దిని నమ్మి పూలన్నీ ఆగం జేసుకున్న" అని బావ ఏడాది పొడుగునా చుట్టాలకు చెప్పుకున్నాడు.

రోషమొచ్చి, నేర్పేవాళ్ల చేత ఎన్ని తిట్లు తిన్నానో గానీ పెద్ద ట్రాలీ లాగే లైసెన్సు తెచ్చుకున్నాను. మరుసటి దసరాకు బావకు నడుం నిజంగానే పట్టేసింది. నన్ను బతిమాలి, తెల్ల లాల్చీ తొడుక్కుని, మార్కెట్లో దర్జాగా దిగాలని మడ్‌గార్డు ఎక్కబోయాడు.

"దిగు బావా. ట్రాక్టర్ మీద డ్రైవరు తప్ప ఎవరూ కూర్చోకూడదు. రూలు."

"ఏందిరా గిది? నా ట్రాక్టర్ మీద నేను కూసోవద్దా?"

"వద్దు."

కొత్తిమీర కట్టలు వేసుకెళ్లే ఆటోలో ఇరుక్కుని నా వెనకే వచ్చాడు పాపం. ఇప్పుడు తలుచుకుంటే అంత పంతమేమిటా అని నవ్వొస్తుంది. ఆ పొద్దున మాత్రం, అద్దంలో నలుగుతున్న ఆ తెల్ల లాల్చీని చూసుకుంటూ, ఆటోకు ఎక్కడా దారివ్వకుండా, గుడిమల్కాపూర్ దాకా మహా నింపాదిగా నడిపాను.