కువైట్ కబురు కోసం కరీం చిచ్చా కట్టిచ్చిన డబ్బా

మా చిన్నప్పుడు... ఆ ఏడాది మా ఇంట్లో రేడియో పాటలు పాడలేదు. పొద్దుగూకగానే దాని ముందు కూర్చుని, ఒకే ఒక్క పేరు కోసం చెవులు రిక్కించేవాళ్ళం.

బాపు (మా నాన్న) కువైట్‌లో తాపీపని చేసేవాడు. అక్కడ యుద్ధం వచ్చిపడింది. ఉత్తరాలు ఆగిపోయాయి. నెల... రెండు నెలలు... ఏ కబురూ లేదు. కోరుట్లలో మా గల్లీలోకి పోస్ట్‌మ్యాన్ సైకిల్ వస్తే చాలు, మా అవ్వ (అమ్మను మేం అట్లాగే పిలిచేవాళ్ళం) బీడీల చాట పక్కకు తోసి వాకిట్లోకి పరుగెత్తేది. అతను తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయేవాడు.

అప్పుడెవరో చెప్పారు... విదేశీ స్టేషన్ ఒకటి సాయంత్రం పూట హిందీలో, అక్కడ చిక్కుకున్నవాళ్ళ పేర్లు, క్షేమ సమాచారాలు చదువుతుందని. బాపు తెచ్చిన మూడు బ్యాండ్ల రేడియో ఉండనే ఉంది. షార్ట్‌వేవ్‌లో ఆ గొంతు దొరికేది కానీ... బావిలోంచి మాట్లాడినట్టు, బుస్సుమనే చప్పుడు వెనక. వాల్యూమ్ పెంచితే బుస్సే పెరిగేది.

అవ్వ రేడియోను కొంగులో చుట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని కరీం చిచ్చా దుకాణానికి పోయింది. బస్టాండ్ దగ్గర రేడియోలు బాగుచేసేవాడాయన.

"అన్నా, గీ రేడియోల నా మనిషి పేరు ఇనవడాలె. ఎట్లనన్న చెయ్యి," అంది. అడిగినట్టు లేదు... మొక్కినట్టు ఉంది.

రెండు రోజులకు ఆయన సబ్బుపెట్టెంత రేకు డబ్బా ఒకటి చేసిపెట్టాడు. ఒక పక్క ఏరియల్ తీగ, ఇంకో పక్క రేడియోకు పోయే తీగ, ముందర ఒక నాబ్. మూత తీసి లోపలున్న మూడు కాళ్ళ ట్రాన్సిస్టర్ చూపించాడు. నాకప్పుడు పదకొండేళ్ళు.

"ఇగో బిడ్డా, కాలువ తూము సూసినవ్ గదా? సెల్లు కరెంటు గా నీళ్ళనుకో. గీ కాలు తూము తలుపు. తీగ మీద అచ్చేది చీమ గొంతంత సిగ్నల్. అది తలుపును జరంత ఊపిందంటే ఎనుక నీళ్ళు బగ్గ ఊగుతయ్. గట్ల చిన్నది పెద్దగైతది."

"మరి నాబ్ ఎందుకు చిచ్చా?"

"తలుపు ముందుగాల ఎంత తెరిచి పెట్టాల్నో గిది చెప్తది. ఎక్కువ తెరిస్తే ఎక్కువ పెంచుతది, తక్కువ తెరిస్తే తక్కువ. వాల్యూమ్ ఏమో రేడియో పట్టుకున్నంక పెంచుతది... గిది పట్టుకోకముందే పెంచుతది. కని ఆశకు పోయి మొత్తం తిప్పకు. పెరిగి బయటికి పోయింది మళ్ల లోపటికే తిరిగి అస్తది. ఇగ ఈల తప్ప ఏం ఇనవడది."

ఆ సాయంత్రం గొంతు నిజంగానే దగ్గరికొచ్చింది. అయినా ఒక్క తీరుగా నిలిచేది కాదు. ఉబికేది, అంతలోనే సన్నబడేది. ఉబికితే తగ్గించాలి, సన్నబడితే పెంచాలి... వేళ్ళు నాబ్ మీదే ఉండాలి.

ఐదో రోజు... "కరీంనగర్ జిల్లా" అంది రేడియో. అవ్వ లేచి నిలబడింది. "కోరుట్ల..." అంది. అక్కడే గొంతు సన్నబడింది. నేను మెల్లగా తిప్పుతున్నాను. అవ్వ ఆగలేకపోయింది. నా చెయ్యి నెట్టేసి, నాబ్‌ను చివరిదాకా తిప్పేసింది.

ఈల. ఇల్లంతా ఈల.

నేను వెనక్కి తిప్పేసరికి ఇంకెవరిదో జిల్లా, ఇంకెవరిదో పేరు చదువుతున్నారు.

"నేనే సంపుకున్న బిడ్డా... నా మొగని మాట పీక నేనే పిసికిన..." అంటూ తల గోడకు కొట్టుకుంది. రెండు రోజులు ముద్ద ముట్టలేదు. "ఉన్నడని జెప్పిన్రో... లేడని జెప్పిన్రో..." ఇదే మాట. నాకైతే ఆమెను చూస్తేనే భయం వేసేది.

మూడో రోజు వచ్చి రేడియో ముందు కూర్చుంది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుంది. "నువ్వే తిప్పు బిడ్డా. నా చేతులు నా మాట ఇనయి."

తర్వాత పది రోజులకేమో... ఒక పేరు స్పష్టంగా వచ్చింది. రుద్రంగి గంగరాజం, భార్య లచ్చవ్వకు... సరిహద్దు దాటి అమ్మాన్ చేరాను, బాగున్నాను. అంతే.

అది మాది కాదు. అవ్వ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, "రాసుకో... ఒక్క అచ్చరం పోవద్దు," అంది. నా నోట్‌బుక్ వెనక అట్టమీద రాసుకున్నాను.

తెల్లారి మొదటి బస్సుకు ఇద్దరం రుద్రంగి ఊరికి పోయాం. లచ్చవ్వ మక్క (మొక్కజొన్న) చేనులో ఉందన్నారు. అవ్వ గట్టు మీదనుంచే కేకేసింది. "లచ్చవ్వా! నీ మనిషి బతికున్నడు! రేడియోల జెప్పిన్రు!"

ఆమె మక్కల మధ్య నుంచి పడుతూ లేస్తూ వచ్చి అవ్వను వాటేసుకుంది. మా బాపూ అక్కడే ఉన్నాడని విని అడిగింది, "మరి మీ ఆయన, అక్కా?"

"ఇంక తెల్వది," అంది అవ్వ.

తిరుగు బస్సెక్కి, పొద్దుగూకేలోపు మళ్ళీ రేడియో ముందు కూర్చున్నాం.

ఇంకో నెలకు బాపు వచ్చాడు. ఎవరిదో చొక్కా వేసుకుని, సగం మనిషై... రిక్షాలోంచి దిగితే నేను గుర్తుపట్టలేదు. అవ్వ అడిగిన మొదటి మాట, "రేడియోల నీ పేరు జెప్పిచ్చినవా?"

"గసొంటిదొకటున్నదని నాకేం ఎర్క?" అన్నాడు బాపు.

అంటే ఆ రోజు ఈల కింద పోయిన కబురు ఇంకో ఇంటిది. అవ్వ సంతోషపడాల్సిన రోజున కూలబడిపోయింది. ఆ ఇల్లేదో కనుక్కోవాలని వారం పాటు కోరుట్ల గల్లీలన్నీ తిరిగింది. తెలియలేదు. పోయేదాకా ఆ దిగులు ఆమెను వదలలేదు...

ఇప్పుడు మా తమ్ముడు దుబాయ్ నుంచి రోజూ వీడియోలో కనిపిస్తాడు. సిగ్నల్‌ను ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో ఫోనే చూసుకుంటుందట... ఎవరి వేళ్ళూ నాబ్ మీద ఉండనక్కర్లేదు. కానీ ఒకరి క్షేమం చెప్పడానికి ఇంకొకరు బస్సెక్కిపోయే రోజులు మాత్రం మళ్ళీ చూడలేదు.

అప్పుడు మీ ఇంట్లోనూ ఎవరైనా గల్ఫ్‌లో ఉండి ఉంటే... మీ గడపకు ఆ కబురు మోసుకొచ్చింది ఎవరు? పేరు గుర్తుంటే రాయండి...