వేడన్నంలో మొదటి ముద్ద

మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. నేను మూడో తరగతితో చదువు ఆపేసినదాన్ని. నిరుడు మా ఐదేళ్ల మనవరాలు చిన్ని తిన్నది అరగక చిక్కిపోతుంటే, ఏలూరు డాక్టరమ్మగారు నూనె, నెయ్యి తగ్గించమన్నారు. తిండి మొదట్లో అరుగుదల క్యాప్సూల్ విప్పి, అందులోని గుళికలు పెట్టమన్నారు.

అరుగుదలకైతే వాము పొడి పొగలు కక్కే అన్నంలో కలిపి మొదటి ముద్ద పెట్టడం మా అత్తగారి నాటి అలవాటు. ఈ మందూ అలాగే పెట్టాను. ఖరీదైన మందు కదా, ఒక్క గుళిక కూడా కింద పడనివ్వలేదు.

రెండు నెలలకు మళ్లీ ఏలూరు తీసుకెళ్లి చూపిస్తే, పిల్ల బరువు ఇంకా తగ్గింది. "నా కళ్లుగప్పి దీనికి జంతికలు పెడుతున్నావు కదూ?" అని డాక్టరమ్మగారి ఎదుటే కోడల్ని నిలదీశాను.

"లేదండీ అత్తయ్యగారూ, ఒట్టండీ" అని కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది.

డాక్టరమ్మగారు చిన్నిని దగ్గరకు తీసుకుని, "మందు ఎలా తింటావమ్మా?" అని అడిగారు.

"మామ్మ వేడన్నంలో కలుపుతుందండీ. నేను ఉఫ్ ఉఫ్ అని ఊదుకుని తింటాను."

"అయ్యో మామ్మగారూ! వేడి తగిలితే ఆ మందు పనిచేయదండీ. చల్లటి యాపిల్ గుజ్జులో పెట్టి, నమలకుండా మింగించాలి" అన్నారావిడ.

సిగ్గుతో తలెత్తలేకపోయాను. "తప్పు నాదేనమ్మాయ్" అని కోడలితో అక్కడే అన్నాను. తను కాపురానికొచ్చిన ఏడేళ్లలో నేను ఆ మాట అనడం అదే మొదలు. అలవాటుకొద్దీ చేసే ముందు ఒక్కమాట అడగాలని ఈ వయసులో నేర్చుకున్నాను.

ఇప్పుడు చిన్నికి గౌన్లు బిగుతైపోతున్నాయి. మొన్న టైలరుతో, "రెండంగుళాలు వదులుగా కుట్టవయ్యా, మా పిల్ల ఇంకా ఒళ్లు చేస్తుంది" అని నేనే చెప్పాను.