యాదగిరికి ఎవరూ చెప్పలేదు

నాంపల్లిలో మెట్రో నడవడం మొదలైన ఏడాది నన్ను అక్కడి ఒక పెద్దాసుపత్రి ఈఎన్‌టీ విభాగానికి స్పీచ్ థెరపిస్టుగా బదిలీ చేశారు. గొంతు క్యాన్సర్ ముదిరితే సర్జన్లు స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ఆ తర్వాత రోగి మెడకు పెట్టిన రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటాడు. పాత గొంతు ఇక రాదు. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే రోగికి వివరించి, థెరపిస్టుతో మాట్లాడించాలి. పద్ధతి అది.

యాదగిరిని నాకు అప్పగించింది ఆపరేషన్ అయ్యాక. అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణం గుమ్మంలో నిలబడి, దారిన పోయేవాళ్లను లోపలికి పిలవడం అతని పని. నేను వార్డుకు వెళ్లేసరికి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ముక్కులోంచి వేసిన ఆహారపు గొట్టం పీకేశాడని నర్సు చెప్పింది. భార్య సత్తెమ్మ నన్ను పక్కకు పిలిచి, “మేడం, గొంతు ఎప్పుడొస్తది? పుండు మానినంక వస్తది గదా?” అని అడిగింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మనిషి బతుకంతా గొంతు మీదే నడిచింది. దాన్ని తీసేస్తున్నామని ఒక్కరూ చెప్పలేదు!

తిన్నగా విభాగాధిపతి గదికి వెళ్లాను. హోదాలో నాకు చాలా పైవాడు. ముందే చెబితే భయపడి ఆపరేషన్ వద్దంటారనీ, ప్రాణం దక్కింది చాలదా అనీ ఆయన వాదన. భయపడే హక్కు కూడా రోగిదేనన్నాను. ఆయనే వచ్చి చెప్పాలని పట్టుబట్టి కూర్చున్నాను. చివరికి వచ్చి, మంచం పక్కన నిలబడి, పాత గొంతు ఇక రాదని ఒక్క వాక్యంలో చెప్పి వెళ్లిపోయాడు. సత్తెమ్మ కూలబడింది. యాదగిరి మాత్రం మొదటిసారి నావైపు చూశాడు.

గాలిని అన్నవాహికలోకి తీసుకుని, తేన్పులా పైకి వదులుతూ ఆ శబ్దాన్ని మాటగా మలచడం నేర్పాను. వారాలు గడిచినా ఏమీ పలకలేదు. ఒకరోజు సాధన కోసం ముందు పెట్టిన అద్దం విసిరికొట్టి వెళ్లిపోయాడు. మర్నాడు సత్తెమ్మ తోలుకొచ్చింది. ఆ తర్వాత “పా” పలికింది, కొన్నాళ్లకు ఆమె పేరు. గరగరలాడే ఆ పిలుపు విని ఆమె నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

యాదగిరి తన పాత దుకాణానికి వెళితే యజమాని, “ఈ గొంతు వింటే గిరాకీ బెదురుతది” అని బయటినుంచే పంపేశాడట. ఇన్నేళ్లు ఎవరి పిలుపుతో దుకాణం నిండిందో ఆయనకు గుర్తులేదు. యాదగిరి మళ్లీ మాట్లాడటం మానేశాడు.

అప్పుడే శంకర్ అనే ఆటో డ్రైవర్ అదే ఆపరేషన్ కోసం వార్డులో చేరాడు. అతనికీ ఎవరూ ఏమీ చెప్పలేదు. ఒక్కసారి వచ్చి కనబడమని యాదగిరిని బతిమాలాను. వచ్చాడు. మెడకు కట్టుకున్న గుడ్డ తొలగించి చూపించాడు. “గొంతు పోతది తమ్మీ. మాట పోదు. జర ఓపిక పట్టాలె,” అన్నాడు, ఒక్కో మాటే కూడదీసుకుంటూ.

శంకర్ బిక్కచచ్చిపోయాడు. “పిల్లలు జడుసుకుంటరా అన్నా?” అని అడిగాడు.

“ఔ. మొదట్ల జడుసుకున్నరు. ఇప్పుడు నా లెక్కనే మాట్లాడి నవ్వుతున్నరు.”

శంకర్ ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు.

కొన్నాళ్లకు యాదగిరికి సుల్తాన్ బజార్‌లో చీరలు చూపించే పని దొరికింది. సెలవు రోజున ఆసుపత్రికి వచ్చి, ఆపరేషన్ కావలసిన వాళ్లతో మాట్లాడేవాడు. విభాగాధిపతి ఒక సదస్సులో దీన్ని తన ఆలోచనగా చెప్పుకున్నాడు. యాదగిరి పేరెత్తలేదు. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

నిజం వింటే రోగి పారిపోతాడన్నది డాక్టర్ల భయం మాత్రమే. నేను రిటైరయ్యేదాకా, యాదగిరితో మాట్లాడాక ఆపరేషన్ వద్దని లేచిపోయిన రోగి ఒక్కరూ లేరు.