రెగాలో అంటే షెల్ఫు కాదు

ఇటాలియన్ మాట్లాడేవాళ్ళు ప్రపంచంలో కొన్ని కోట్ల మంది ఉన్నారు. వాళ్ళందరినీ త్రాసులో ఒక వైపు వేసి, మా అమ్మమ్మను రెండో వైపు కూర్చోబెడితే అమ్మమ్మ వైపే మొగ్గుతుంది. ఒంటి బరువు వల్ల కాదు, భాష వల్ల. రోములో పెద్ద పెద్ద పండితులు కూడా క్రియాపదం దగ్గర అనుమానం వస్తే ఉత్తరానికి తిరిగి, మా ఉల్టెన్ లోయకేసి ఒక దణ్ణం పెట్టుకుని, అప్పుడు కలం కదుపుతారట. ఆవిడ తుమ్మినా అందులో వ్యాకరణ దోషం దొరకదు.

ఇది నేను ఊరంతా చెప్పుకు తిరిగే మాట. అసలు సంగతేమిటంటే, పద్నాలుగేళ్ళ వయసులో ఆవిడకు ఇటాలియన్‌లో వచ్చింది పదికి మూడు.

అప్పటికింకా ఆవిడ ఎవరికీ అమ్మమ్మ కాదు. వడ్రంగి విగిల్ గారి రెండో కూతురు నొట్‌బుర్గా. అంత పేరు పిలిచే ఓపిక లేక ఇంటా బయటా బుర్గెల్ అనేవారు. జడలో ఎప్పుడూ రంపపు పొట్టు ఉండేది. మా లోయలో జనం జర్మన్‌లో పుట్టి, జర్మన్‌లో పోట్లాడుకుని, జర్మన్‌లోనే పోతారు. దేశం మాత్రం ఇటలీ. అందుకని బడిలో ఇటాలియన్ రెండో భాష, వారానికి ఆరు గంటలు. ఆ ఆరు గంటలూ బుర్గెల్ కిటికీలోంచి బయటికి చూస్తూ గడిపేది. బయట ముసలి పోస్టుమాన్ సంచీ భుజాన వేసుకుని కొండ ఎక్కుతూ కనిపించేవాడు.

బుర్గెల్‌కు ఆ సంచీ కావాలి. ఎందుకని అడిగితే ఇప్పటికీ ఒకటే జవాబు చెబుతుంది. ఆ ఉద్యోగంలో రోజంతా నడవచ్చు, ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి తినచ్చు, ఎవరింట్లో ఏం జరుగుతోందో ఎవరినీ అడక్కుండానే తెలుసుకోవచ్చు. తపాలా ఆఫీసు పెద్దాయన కూడా సరేనన్నాడు. "ముసలాడి మోకాళ్ళు పోయాయి. వయసు రాగానే నిన్ను పెట్టుకుంటా. కాకపోతే ఎనిమిదో తరగతి పాసైన కాగితం చూపించాలి" అన్నాడు. ఆ కాగితం రావాలంటే ఇటాలియన్‌లో ఆరు రావాలి. రాకపోతే ఏం చెయ్యాలో వాళ్ళ నాన్న ముందే తేల్చేశాడు. మెరాన్ పట్నంలో మేనత్తకు ఒక హోటలుంది. దాని వెనక వంటింట్లో బంగాళాదుంపల గుట్ట ఉంది. ఆ గుట్ట ముందు ఒక పీట ఖాళీగా ఉంది.

ఆ యేడు ఇటాలియన్ చెప్పడానికి వచ్చినావిడ సిన్యోరినా లొరుస్సో. ఇటలీ దేశం బూటు ఆకారంలో ఉంటుంది కదా, ఆవిడది సరిగ్గా మడమ దగ్గరి ఊరు. జర్మన్ ఒక్క ముక్క రాదు. అక్టోబరులో పల్చటి చెప్పులతో బస్సు దిగింది. నవంబరులో మంచు పడితే కిటికీ దగ్గర నిలబడి, ఎవరో తన మీద కక్షకట్టి పోస్తున్నట్టు చూసింది. ఊరంతా రోజల్ అత్త అని పిలిచే ముసలావిడ ఇంట్లో మేడమీద గది అద్దెకు తీసుకుంది. మనిషి మంచిదే, మార్కుల దగ్గర మాత్రం పిసినారి.

ఫిబ్రవరిలో మార్కులిచ్చిన రోజున ఆవిడ బుర్గెల్‌ను క్లాసయ్యాక ఉండమంది. ఎదురుగా కూర్చోబెట్టుకుని, చంటిపిల్లకు అన్నం తినిపించినట్టు ఒక్కొక్క మాటే చెప్పింది. "ఇయో నోన్ రెగాలో నియెంతే అ నెస్సూనో."

నేనెవరికీ ఏదీ ఊరికే ఇవ్వను, అని దాని అర్థం. ఆరు కావాలంటే చదివి తెచ్చుకో, అని ఆవిడ ఉద్దేశం.

బుర్గెల్ తనకు తెలిసినంతలో అర్థం చెప్పుకుంది. ఇయో అంటే నేను. నోన్ అంటే లేదు. నియెంతే అంటే ఏమీ లేదు. నెస్సూనో అంటే ఎవరూ లేరు. ఇక మిగిలింది రెగాలో. జర్మన్‌లో రెగాల్ అంటే షెల్ఫు, వాళ్ళ నాన్న నెలకు రెండు చేస్తాడు. ఇటాలియన్ వాళ్ళకు ప్రతి మాట చివరా ఒక 'ఓ' తగిలించనిదే ఊపిరాడదని లోయలో పసిపిల్లలకు కూడా తెలుసు. అన్నీ కలిపితే టీచరమ్మ చెప్పింది ఇదీ: నాకు షెల్ఫు లేదు, ఏమీ లేదు, ఎవరూ లేరు.

పిల్ల గుండె నీరైపోయింది. అదీ కాక కళ్ళారా చూసిన సాక్ష్యం ఉంది. క్రిస్మస్ ముందు బాగుచేసిన కుర్చీ ఒకటి రోజల్ అత్తకు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆ గది తలుపు తెరిచే ఉంది. పుస్తకాలన్నీ ఆపిల్ పెట్టెల్లో, నేలమీద.

ఇంటికి రాగానే నాన్న దగ్గరికి వెళ్ళింది.

"నాన్నా, నాలుగు పైన్ చెక్కలియ్యి."

"దేనికే?"

"టీచరమ్మకు షెల్ఫు లేదట. నాతో చెప్పుకుంది పాపం."

"నీకు మూడొచ్చాయట కదా. ఆ సంగతి చెప్పుకోలేదా?"

"అది చెప్పలేదు. తనకు ఎవరూ లేరని చెప్పింది."

విగిల్ గారు రంపం పక్కన పెట్టి కూతుర్ని తేరిపార చూశాడు. "ముడులున్న చెక్కలు తీసుకో. మంచివాటి మీద చెయ్యి వేశావో, రేపే మెరాన్‌కు మేనత్త దగ్గరికి బస్సెక్కిస్తా."

మూడు వారాలు పట్టింది. కొలిచింది, కోసింది, చిత్రిక పట్టింది, జిగురు పెట్టింది. ఒక చెక్క వంకర తిరిగితే విప్పి మళ్ళీ చేసింది. మార్చిలో ఒక ఆదివారం, చర్చి అయ్యాక, షెల్ఫును గడ్డి లాగే స్లెడ్జి బండి మీద కట్టుకుని ఊరి మధ్య నుంచి మంచులో లాక్కెళ్ళింది. రోజల్ అత్త గుమ్మంలో నిలబడి, "ఏమే, శవపెట్టె నాకేనా? ఇంకా పోలేదే" అంది. ఇద్దరూ కలిసి మేడమీదికి ఎక్కించారు.

టీచరమ్మ తలుపు తెరిచింది. బుర్గెల్ రొప్పుతూ, రెండు చేతులూ చాపి చూపించి, "రెగాలో" అంది.

పాపం, ఇటాలియన్‌లో రెగాలో అంటే కానుక. టీచరమ్మ మొహం ఎర్రబడింది. "నేనేం చెప్పాను, నువ్వేం చేశావు? కానుకలిస్తే ఆరు వేస్తాననుకున్నావా? మీ నాన్న పంపించాడా? ముందు దీన్ని తీసుకుపో."

ఆ వేగంలో బుర్గెల్‌కు చిక్కింది రెగాలో అన్న మాటొక్కటే. సరుకు నచ్చలేదేమో అనుకుంది. గట్టితనం చూపించాలని షెల్ఫు మీద గుద్దింది. అదీ చాలక కింది అర మీద ఎక్కి నిలబడింది. టీచరమ్మ ఇంకా అరుస్తూనే ఉంది. తను లంచం తెచ్చిందన్నట్టుగా ఏదో అంటోందని అప్పటికి బుర్గెల్‌కు లీలగా తగిలింది. రోషం వచ్చింది. రోషంలో నోరు తెరిస్తే, ఆర్నెల్లుగా చెవుల్లో పడి నిద్రపోతున్న ఇటాలియన్ అంతా ఒక్కసారి లేచి తోసుకుంటూ బయటికొచ్చింది.

"మీరు చెప్పడం, రెగాలో లేదు. ఏమీ లేదు. ఎవరూ లేరు. నేను వినడం. నేను ఏడుపు. పుస్తకాలు కింద. పుస్తకాలకు చలి. నేను చెక్క తెచ్చి, నేను కోసి, వేలు కూడా కోసి. నాన్న కాదు. నేను."

కట్టుకట్టిన వేలు చూపించింది.

టీచరమ్మ ఆగిపోయింది. షెల్ఫు వైపు చూసింది, లోపల ఆపిల్ పెట్టెల వైపు చూసింది. తనన్న మాటను తనలో తనే మళ్ళీ అనుకుని చూసుకుంది. ఆ తర్వాత మెట్ల మీద కూలబడి, కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది. ఎందుకు నవ్వుతోందో తెలియకపోయినా మర్యాదకని రోజల్ అత్త కూడా నవ్వింది.

"అక్టోబరు నుంచి నువ్వు నాతో మాట్లాడిందంతా మూటగట్టినా ఇప్పుడు మాట్లాడినంత లేదు తెలుసా?" అంది టీచరమ్మ, తేరుకుని, ఈసారి మెల్లిగా, ఒక్కొక్క మాటే. "ఇది నేను తీసుకోను. పరీక్ష అయ్యేదాకా ఇది నీదే. ఈ మేడ వసారాలోనే ఉంటుంది. నువ్వు రోజూ సాయంత్రం వచ్చి దీని గురించి నాతో మాట్లాడు."

"షెల్ఫు గురించి ఏం మాట్లాడను?"

"ఎలా చేశావో చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాక తెలిసింది, ఆ పనిముట్ల పేర్లు టీచరమ్మకూ సరిగ్గా రావని. ఇద్దరూ నేలమీద బోర్లా పడుకుని ఆపిల్ పెట్టెలోంచి నిఘంటువు తీసి వెతికేవారు. రంపం అంటే సేగా. జిగురు అంటే కొల్లా. చిత్రిక పట్టే పనిముట్టు పియాల్లా. బుర్గెల్ క్రియలను ఎప్పుడూ తలకిందులుగా వాడేది. "నేను రంపం అయి ఉన్నాను" అనేది ధైర్యంగా. "రంపం కాదు, నువ్వు కోశావు" అనేది టీచరమ్మ. "కోశాను, అయిపోయాను" అనేది బుర్గెల్. రోజల్ అత్త కిందనుంచి ఉడికిన పిండి ఉండలు పంపితే, టీచరమ్మ వాళ్ళమ్మ మడమ దగ్గరి ఊరినుంచి పంపిన ఆలివ్ నూనె వాటిమీద పోసేది. రోజల్ అత్త అది చూసి, "దేవుడా, తలకు రాసుకునేది తిండి మీద పోస్తోంది" అని శిలువ గీసుకునేది.

జూన్ వచ్చింది. నోటి పరీక్షకు ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో మెరాన్ నుంచి వచ్చిన పరీక్ష సంఘం అధ్యక్షుడు, కళ్ళద్దాలు, గడియారం మీద ఒక కన్ను. ఓ పక్కన టీచరమ్మ. సాయం చేసే వీల్లేదు కనుక ఆవిడ పైకప్పు కేసి చూస్తోంది.

"పో నది గురించి చెప్పమ్మా" అన్నాడు అధ్యక్షుడు.

బుర్గెల్‌కు పో నది ఎటు పారుతుందో తెలియదు. మెరాన్‌లో బంగాళాదుంపల గుట్ట, దాని ముందు ఖాళీ పీట కళ్ళకు కట్టాయి. గడియారం ముల్లు కదిలిన చప్పుడు కూడా వినిపించింది. చివరికి ఆయనకే విసుగొచ్చింది. "సరే, పో నదిని పోనీ. నీకు తెలిసింది ఏదైనా చెప్పు."

బుర్గెల్ ఊపిరి పీల్చుకుని షెల్ఫు మొదలుపెట్టింది.

చెక్క ఎలా ఎంచాలో చెప్పింది, ముడి ఎక్కడ దగా చేస్తుందో చెప్పింది. పియాల్లా దగ్గరికి వచ్చేసరికి అధ్యక్షుడు ఆపాడు. "పియాల్లా అంటే ఏమిటి?" నిజంగానే తెలియక అడిగాడు. పట్నంలో పుట్టిన మనిషి. బుర్గెల్ లేచి బల్ల అవతలికి వెళ్ళి, ఆయన సిరాబుడ్డి పక్కకు జరిపి, గుడ్డ మడతపెట్టి, ఖాళీ చేతుల్తో బల్ల అంచును చిత్రిక పట్టి చూపించింది. చూపిస్తూ చూపిస్తూ ఒక కన్ను మూసి అంచును పరికించింది. "ఈ బల్ల వంకరగా ఉందండీ. ఎవరు చేశారు?"

"తెలియదమ్మా" అన్నాడు ఆయన, తప్పు తనదే అన్నట్టు.

"నా చెక్క కూడా ఇలాగే వంకర తిరిగింది. అప్పుడు నేను పోర్కా మిజేరియా అన్నాను."

టీచరమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. పంది బతుకు అని దాని అర్థం. పరీక్షలో అనే మాట కాదు.

"ఆ మాట టీచరుగారు నేర్పారా?" అన్నాడు అధ్యక్షుడు మెల్లిగా.

"లేదండీ. అది ఇటాలియన్ కాదు. మా జర్మన్ మాట. మా నాన్న రోజూ అంటాడు" అంది బుర్గెల్. "దాన్ని ఇటాలియన్‌లో ఏమంటారో నాకింకా రాదు. క్షమించండి."

ఆ పిల్ల తప్పేమీ లేదు. మా లోయలో మనుషులు ప్రార్థన జర్మన్‌లో చేస్తారు, తిట్లు ఇటాలియన్‌లో తిడతారు. తాతల నాటినుంచీ తిట్టీ తిట్టీ అవి పరాయి మాటలన్న సంగతే మరిచిపోయారు.

అధ్యక్షుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. "ఇటాలియన్‌లో కూడా అదే అంటారమ్మా" అన్నాడు. "వెళ్ళు, చాలు."

బయట వసారాలో గోడకానుకుని బుర్గెల్ లోపలి మాటలు వింది. చెవి తలుపుకు ఆనించి వింది, అని రాయాలి నిజానికి.

"ఎనిమిది వేద్దాం" అంది అధ్యక్షుడి గొంతు.

"ఏడు" అంది టీచరమ్మ. "క్రియలు ఇంకా వంకరే."

అలా, వయసు రాగానే పోస్టు సంచీ మా అమ్మమ్మ భుజానికి వచ్చి ముప్ఫై ఎనిమిదేళ్ళు అక్కడే ఉంది. టీచరమ్మ పరీక్షయిన సాయంత్రమే షెల్ఫును గదిలోకి చేర్చుకుంది. మూడేళ్ళ తర్వాత బదిలీ అయినప్పుడు విప్పించి, చెక్కలు కట్టకట్టించి, మడమ దాకా రైల్లో తీసుకెళ్ళింది. అమ్మమ్మ మాత్రం గడప గడపా ఎక్కి ఉత్తరాలిచ్చింది. ఇటాలియన్‌లో సర్కారు కాగితం వస్తే రైతులు భయపడి ఆవిడ చేతిలోనే పెట్టేవారు. ఆవిడ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఎండు మాంసం ముక్కలు తింటూ, వాళ్ళకు అర్థమయ్యేలా చదివి చెప్పేది. కాగితంలో మరీ కటువుగా రాసి ఉంటే కాస్త నునుపు చేసి చెప్పేదట. చిత్రిక పట్టడం తెలిసిన చెయ్యి కదా.

ఇదంతా రాసి మొన్న ఆవిడకు చదివి వినిపించాను. పెరట్లో చిక్కుళ్ళు ఒలుస్తూ వింది. ఎక్కడా నవ్వలేదు, ఎక్కడా కాదనలేదు. ఆ ధైర్యంతో, "ఎంత చెప్పినా అమ్మమ్మా, పాసయింది నువ్వు కాదు, షెల్ఫు" అన్నాను.

ఆవిడ చిక్కుడుకాయ మీదనుంచి తల కూడా ఎత్తలేదు.

"షెల్ఫు నోరు తెరిచిందా? తెరిచింది నేను. నువ్వు మూసుకో."