మా ఊరి మీదుగా పోయే విమానం

ఈ సంగతి ఇంతకాలం రాయకపోవడానికి కారణం సిగ్గు కాదు, నాకు అక్షరాలు రాకపోవడం. యాభై దాటాక మనవరాలి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఇక నా పరువు నేనే తీసుకోగలను. ఇంకొకరి సాయం అక్కర్లేదు. నా బిడ్డ లగ్గాన్ని నేను ఆకాశంలో ఎట్లా వేలాడదీశానో వినండి.

తమ్ముడు రాజన్న నాగపూర్‌లో బట్టల సేటు దగ్గర గుమాస్తా. మేనమామ తెచ్చిన చీర కట్టుకునే పెళ్లికూతురు పందిట్లోకి రావాలి. వాడి ఉత్తరాన్ని పోస్టుమాస్టరు చదివి వినిపించాడు: తాను సేటు పని మీద లగ్గం ముందురోజు విమానంలో హైదరాబాదు పోతాడట, గంటన్నర ప్రయాణమట. మర్నాడు అక్కడ బస్సెక్కి సాయంత్రం లగ్గానికి ఆదిలాబాదు చేరతాడట.

నాకు కాలు నిలవలేదు. బస్సు దారిలో చెడిపోతే? ఆలోచించాను. (నేను ఆలోచిస్తే మా ఇంట్లో అందరికీ గుండె దడ.) నాగపూర్‌కూ హైదరాబాదుకూ నడుమనే మా ఊరు. నిజాం కాలం నాటి విమానాల మైదానం ఊరి బయట ఉండనే ఉంది. అంటే స్టేజీ ఉన్నట్టే. స్టేజీ ఉన్నాక బండి ఆగదా? ముప్పావుగంటలో తమ్ముడు దిగుతాడు. ఎవరు పట్టిన కుందేలుకైనా మూడే కాళ్లు. నేను పట్టిన విమానానికి మూడు స్టేజీలు.

"లగ్గంనాడే విమానమెక్కు. నడుమ మా ఊర్ల దిగు. డ్రైవరుకు ముందుగాల్నే చెప్పిపెట్టు" అని రాయించాను. విమానం అట్లా ఆగదమ్మా అని పోస్టుమాస్టరు నచ్చజెప్పబోయాడు. చెప్పింది రాయమన్నాను.

జవాబు రాలేదు. రాలేదంటే ఒప్పుకున్నట్టే అనుకున్నాను. లగ్గంనాడు పొద్దున్నే ఎడ్లబండిలో మా అత్తను, వెనక డప్పులవాళ్లను వెంటబెట్టుకుని మైదానానికి పోయాను. అక్కడ బర్రెలు మేస్తున్నాయి. విమానం దిగాలి, జర పక్కకు తోలమని ముసలి కాపరిని బతిమాలాను. కూర్చున్నాను, లేచాను, మైదానం చుట్టూ తిరిగాను. నా తిరుగుడు చూసి బర్రెలు మేత మానాయి.

చివరకు మోత వినిపించింది. డప్పులు మోగాయి. చెయ్యెత్తి, కొంగు ఊపుతూ పరుగెత్తాను. విమానం పిట్టంత కనబడింది, పిట్టలాగే పోయింది.

"రోజూ గిట్లనే పోతది చెల్లే," అన్నాడు కాపరి. "ఎన్నడు దిగలే."

అత్త నన్ను తేరిపార చూసింది. "నీ తమ్ముడు నిద్రబోయిండా ఏంది, దిగుడు మర్సిండు?"

నాకు ఏడుపొచ్చింది. సాయంత్రం లగ్గం, చీరేమో హైదరాబాదుకు ఎగిరిపోయింది. అంతలో మైదానం అంచున, చంకలో మూటతో ఒక మనిషి నడిచి వస్తూ కనిపించాడు. రాజన్నే. నాగపూర్ నుంచి బస్సులో వచ్చాడట. ఇంటికి పోతే అందరూ నవ్వుతూ ఇటు చెయ్యి చూపించారట.

విమానం ఎందుకు ఎక్కలేదురా అని నిలదీశాను. సేటును బతిమాలి, తన బదులు వేరే గుమాస్తాను పంపించాడట.

"నీ ఉత్తరం సదివిన అక్కా," అన్నాడు. "నువ్వు గీడ చెయ్యెత్తి నిలబడ్తవని తెల్సు. నిన్ను జూసుకుంట మీదికెల్లి ఎట్ల పోవాలె?"

వాడి జన్మలో విమానమెక్కే యోగం మళ్లీ రాలేదు.

సాయంత్రం ఆ చీరలోనే లగ్గమైంది. పసుపు చేతులతోనే ఒట్టు పెట్టుకున్నాను: నేను ఎక్కని బండికి ఇక ఈ జన్మలో స్టేజీ పెట్టను.

మర్నాడు పొద్దున బిడ్డను అత్తారింటికి సాగనంపుతూ, ఈ బస్సు కరీంనగర్‌లో ఆగుతుందా అని కండక్టరును నాలుగుసార్లు అడిగాను. అప్పటికీ నమ్మకం కుదరక, కొత్త దంపతుల నడుమ నేనూ ఎక్కి కూర్చుని, బస్సు ఆగడం కళ్లారా చూసి వచ్చాను.