నీళ్లు యాడికి పోతాయి

ఆ మంగళవారం పొద్దున వేప్పనపల్లి నుంచి మా పేపరుకు నాలుగు లైన్ల వార్త వచ్చింది. వాన నీళ్లు నిలిచిన గుంతలో మోపెడ్ అదుపు తప్పి వృద్ధుడు మృతి. పేరు ఇంకా తెలియలేదు. ఒక అచ్చుతప్పు దిద్ది పంపించేశాను. గంట తర్వాత ఫోన్ వచ్చింది. చనిపోయింది మత్తిగిరిలో మా పక్కింటి మేస్త్రి మామ.

ఆయన ముప్పై ఏళ్లు రోడ్డు పనుల్లో గ్యాంగ్ మేస్త్రి. రిటైరయ్యాక కూడా చేతిలో ఒక నీళ్ల బాటిల్ ఉండేది. తాగడానికి కాదు. కొత్త రోడ్డు కనబడితే నడిమధ్యన కొంచెం ఒంపి, నిలబడి చూసేవారు.

"నీళ్లు యాడికి పోతాయో చూడప్పా. అంచుకు పోతే అది రోడ్డు. ఆడనే నిలిస్తే గుంత. ఇంకా పుట్టలేదు, అంతే."

ఆ పాఠం స్కాట్లాండుది. రెండు వందల ఏళ్ల కిందట ఆ దేశపు మనిషి ఒకడు చిన్న కంకర పరచి, నడుమ ఎత్తు చేసి, కింది నేలను తడవనీయకపోతే చాలునని చూపించాడు. బండ్లు తిరిగేకొద్దీ రోడ్డు తానే గట్టిపడుతుంది. కంకరకు కొలత కూలీ నోరేనట. నోట్లో పట్టని రాయిని మళ్లీ కొట్టాల్సిందే. పనిలో చేరిన కొత్తలో ఒక ఇంజనీరు ఈ సంగతి చెప్పారు. మామ దాన్ని తన గ్యాంగుకు చెబితే ఒకడు నిజంగానే రాయి నోట్లో పెట్టుకున్నాడు. "ఉమ్మేయప్పా, సంగటి వస్తా ఉంది" అన్నారట మామ.

గాలి టైరును వాడుకలోకి తెచ్చింది స్కాట్లాండులో పుట్టిన పశువుల డాక్టరని, కొడుకు సైకిలు కుదుపు తగ్గించడానికి చేశాడని ఒకసారి నేను చదివి చెప్పాను. మా ఇళ్లు పశువుల ఫారం దగ్గరే కాబట్టి అది ఆయనకు బాగా నచ్చింది. ఆ తర్వాత ఎవరు దొరికినా ఒకటే మాట: "రోడ్డూ వాళ్లదే, టైరూ వాళ్లదే. గుంత మాత్రం మనదే."

పోయిన ఏడాది ఆయన వేప్పనపల్లి దారిలో ఒక మోరీ చూసి వచ్చారు. రోడ్డు కింద నీళ్లు పోవాల్సిన ఆ తూము మట్టితో పూడిపోయింది. పైన కొత్తగా వేసిన తారు నడుమ మూడు అంగుళాలు పల్లంగా ఉంది. టేపుతో కొలిచి, కాగితం మీద రాసి నాకిచ్చారు. నేను రోడ్ల ఆఫీసుకు ఫోన్ చేశాను. ఇన్నేళ్లు ఏమీ కాలేదు, ఇప్పుడేమవుతుంది అన్నారు.

మామకు అది చెబుతూ, స్కాట్లాండు తత్వవేత్త ఒకాయన ప్రశ్న కూడా చెప్పాను. సూర్యుడు ఇన్నాళ్లూ ఉదయించాడు సరే, రేపూ ఉదయిస్తాడనడానికి అది రుజువెలా అవుతుందని ఆయన అడిగాడు. మామ నవ్వలేదు.

"ఆ మాట ఆఫీసులో చెప్పినావా?"

చెప్పలేదు. వార్త కూడా రాయలేదు. రాతపూర్వకంగా జవాబు రానీ అనుకున్నాను. ముప్పై ఏళ్లు రోడ్లు వేసిన మనిషి టేపు పెట్టి కొలిచింది నాకు ఆధారంగా కనబడలేదు. కింద ఒక ముద్ర ఉంటే కనబడేది. ఆ కాగితం ఇంకా నా సొరుగులో ఉంది.

అంత్యక్రియల రోజు అత్త నన్ను పక్కకు పిలిచింది. సోమవారం రాత్రి వాన పడిందని, మోరీలో మట్టి తీసి వస్తానని తెల్లారేసరికే మామ మోపెడ్‌కు పార కట్టుకొని పోయినారని చెప్పింది. చేతిలో మా పేపరు ఉంది.

"మీ మామ యాడా అదుపు తప్పే మనిషి కాదప్పా. నీకు తెలుసు గదా. ఎందుకట్ల రాసినావు?"

రాసింది నేను కాదని అనవచ్చు. దిద్దింది నేనే. మా వార్తల్లో ఎప్పుడూ బండే అదుపు తప్పుతుంది, రోడ్డు ఏమీ చేయదు. నా కళ్లకు అచ్చుతప్పు కనబడింది, 'అదుపు తప్పి' అన్న మాట కనబడలేదు. ఆలస్యంగానైనా పాఠకులకు ఇది సవరణ: అక్కడ మోరీ పూడి ఉంది, రోడ్డు పల్లంగా ఉంది, ఆ సంగతి ఈ విలేకరికి ముందే తెలుసు.

కర్మ కాకముందే ఆ గుంత పూడ్చేశారు. మోరీ జోలికి పోలేదు. అత్తనడిగి ఆయన బాటిల్ తీసుకొని వెళ్లి, కొత్త తారు మీద కొంచెం ఒంపాను. నీళ్లు అంచుకు పోలేదు. నడుమనే గుండ్రంగా నిలిచి, ఎండకు ఆరేదాకా అక్కడే ఉన్నాయి. నేనూ ఉన్నాను.