స్తంభం ప్రసాద్ గారు

రాజేంద్రప్రసాద్ గారికి స్తంభం పిచ్చి. అమలాపురంలో ఆయనది మొబైల్ యాప్‌లు చేసే ఆఫీసు. ఏ యాప్ చేసి తెచ్చినా, ఎడం చేత్తో వరండా స్తంభాన్ని కావలించుకుని కుడి బొటనవేలితో నొక్కి చూస్తారు. వేలికి అందని బటన్‌కి ఆ రోజుతో నూకలు చెల్లినట్టే.

"తీసెయ్యండమ్మా!"

ఆఫీసులో పనిచేసే దుర్గాశ్రీకి ఒళ్లు మండిపోయేది. రైతులు కబురు పెడితే కొబ్బరి దింపు కార్మికులు ఫోన్లోనే పని ఒప్పుకోవడానికి ఆ పిల్ల మూడు నెలలుగా యాప్ రాస్తోంది మరి.

"ఎజైల్ పద్ధతన్నారు. రెండు వారాలకోసారి చేసి చూపించమన్నారు. చూపిస్తున్నాను కదండీ!"

"ఆయ్, చూపిస్తున్నారు. లీన్ అని కూడా అన్నానండి. అక్కర్లేనిది ఉండకూడదు. రెండూ కలిస్తేనే పని."

"చెయ్యడం నా వంతూ, తీసెయ్యడం మీ వంతూనా!"

ఆయన చొక్కా నిండా ఎప్పుడూ స్తంభం సున్నమే. "మా పెళ్లి ఇప్పుడైతే పందిరి రాటని వదిల్తే కదండీ, నాకు తాళి కట్టడానికి!" అనేవారు భార్య ఉమాదేవి గారు.

పద్నాలుగు బటన్లు పోయి ఒక్క 'వస్తాను' మిగిలింది. మర్నాడు కొత్తపేటలో దింపు కార్మికుల సంఘానికి చూపించాలి. వాళ్లు వద్దంటే ఆఫీసుకి తాళమే. ఆ సాయంత్రం ప్రసాద్ గారు స్తంభాన్ని వాటేసుకుని, "ఇదీ తీసెయ్యండి" అన్నారు.

"బటన్ లేని యాప్‌కి హారతివ్వాలాండీ?"

"చెట్టు మొదట్లో ఫోన్ బోర్లా పెట్టి ఎక్కుతారండి. బోర్లా ఉన్నంతసేపూ బటనూ వద్దు, మోతా వద్దు. ఆ పని ఇంకొకరికి పోనూ కూడదు. దిగి తిప్పేకే బటన్ రావాలి."

తిట్టుకుంటూనే తెల్లారేసరికి మార్చేసింది.

కొత్తపేటలో సంఘం తరఫున ముసలయ్య ఫోన్ బోర్లించి చెట్టెక్కాడు. ఒక రైతు యాప్‌లో కబురు పెట్టాడు. ఫోన్ కిక్కురుమనలేదు. ముసలయ్య నాలుగు గెలలు కోసి, తాపీగా దిగి, ఫోన్ తిప్పి నొక్కాడు. రైతు ఫోన్ గణగణ మోగింది!

"పోయినేడు చెట్టుమీద ఫోన్ మోగితే, పని పోద్దేమోనని తియ్యబోయి జారిపోయేనండి. కాలిరిగింది," అన్నాడు ముసలయ్య, ప్రసాద్ గారిని చూపిస్తూ అందరితో. "ఈ బాబుగారు ఆస్పత్రికొచ్చి, 'ఏ చెయ్యి వదిలేవు ముసలయ్యా?' అనడిగేరు. అప్పట్నించే ఆ స్తంభమండి."

యాప్ కావాలా అని అడిగితే, నేలమీదే ఉన్నారు కాబట్టి అందరూ రెండు చేతులూ ఎత్తి కావాలన్నారు. దుర్గాశ్రీ సంతోషం పట్టలేక గట్టిగా ఈలేసింది.

సోమవారం ప్రసాద్ గారు వచ్చేసరికి దుర్గాశ్రీ స్తంభాన్ని కావలించుకుని ఫోన్ నొక్కుతోంది.

"ఈ కొత్త బటన్ అందట్లేదండీ, తీసేస్తున్నాను."

"ఆయ్! మరి నాకో?"

"అవతల ఇంకో స్తంభం ఉందిగదండీ!"